ఫీడర్ దగ్గర కాపలా, పూల దగ్గర లెక్క: హమ్మింగ్‌బర్డ్‌లపై పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

అమెరికాలో స్థిరపడిన తెలుగువారి నుంచి, వేసవిలో పిల్లల దగ్గరికి వెళ్లి కొన్ని నెలలు గడిపి వచ్చే తల్లిదండ్రుల నుంచి ఈ శీర్షికకు పక్షుల గురించి ఉత్తరాలు తరచుగా వస్తుంటాయి. వాటిలో పంచదార నీళ్లు పోసి కట్టే పెరటి ఫీడర్ల దగ్గరికీ, పూల మొక్కల దగ్గరికీ వచ్చే హమ్మింగ్‌బర్డ్‌ల మీద వచ్చిన ప్రశ్నలను కొన్నింటిని ఏరి ఈ సంచికలో జవాబులిస్తున్నాము. జవాబులకు ముందు ఒక సంగతి చెప్పుకోవాలి. తూర్పు అమెరికాలో కనిపించే హమ్మింగ్‌బర్డ్ బరువు సుమారు 3 గ్రాములు. పువ్వు ముందు గాలిలో నిలబడి మకరందం తాగేటప్పుడు అది సెకనుకు దాదాపు 50 సార్లు రెక్కలాడిస్తుంది; ఎగిరేటప్పుడు దాని గుండె నిమిషానికి వెయ్యిసార్లకు పైగా కొట్టుకుంటుంది. ఇంత ఖర్చుతో బతుకుతున్నా, మామూలు రోజుల్లో ఒక రాత్రి గడవడానికి కావలసినదానికి మించి ఒంట్లో నిల్వ ఉంచుకోదు. ఏ పూట సంపాదన ఆ పూట పొయ్యికే సరిపోయే ఇల్లు ఎంత జాగ్రత్తగా నడవాలో, దీని బతుకూ అంత జాగ్రత్తగా నడుస్తుంది. దాని కోపం, కాపలా, జ్ఞాపకం, నిద్ర అన్నీ ఈ లెక్క తెలిస్తేనే అర్థమవుతాయి.

ప్రశ్న: మే నెలలో మా అమ్మాయి దగ్గరికి న్యూజెర్సీలోని ఎడిసన్‌కు వచ్చాను. డెక్ మీద ఎర్రటి ఫీడర్ ఒకటి కట్టారు. దానికి నాలుగు రంధ్రాలున్నా, ఎర్రటి గొంతున్న ఒక పిట్ట ఎదురుగా ఉన్న కొమ్మ మీద కూర్చుని, మరే పిట్టనూ దగ్గరికి రానివ్వడం లేదు. పోనీ తానైనా కడుపునిండా తాగుతుందా అంటే అదీ లేదు. దాన్ని చూస్తే కోపం వస్తోంది. మిగతా పిట్టలకు న్యాయం జరిగే మార్గం ఏదైనా ఉందా?

జవాబు: మీరు చూస్తున్నది రూబీ త్రోటెడ్ హమ్మింగ్‌బర్డ్ మగపక్షి. తూర్పు ఉత్తర అమెరికాలో గూడు కట్టి పిల్లలను పెంచే హమ్మింగ్‌బర్డ్ ఇదొక్కటే. మగదానికి గొంతు మీద ఎండలో కెంపులా మెరిసే ఈకలుంటాయి. ఆ ఎరుపు రంగుపదార్థం వల్ల వచ్చింది కాదు, ఈకల్లోని అతి సన్నని పొరల మీద వెలుగు పడి తిరిగి రావడం వల్ల కలిగేది కాబట్టి, పిట్ట తల తిప్పగానే అదే గొంతు నల్లగా కనిపిస్తుంది. ఆడవాటి గొంతు తెల్లగా ఉంటుంది. ఆ ఏడాది పుట్టిన మగపిల్లలూ చూడటానికి ఆడవాటిలాగే ఉంటాయి కాబట్టి, ఆగస్టులో మీ డెక్ మీద తెల్లగొంతు పిట్టలే ఎక్కువగా కనిపిస్తే అవన్నీ ఆడపక్షులే అనుకోనక్కరలేదు.

ఇక కాపలా సంగతి. ఒక్కొక్క పువ్వులో ఉండే మకరందం చాలా కొద్ది. ఒకసారి తాగేస్తే అది మళ్లీ ఊరడానికి సమయం పడుతుంది. పదిమంది వచ్చి తలా కొంచెం తాగిపోయే పొదలో ఎవరికీ కడుపు నిండదు. పైగా ఏ పువ్వు ఖాళీయో, ఏది నిండుగా ఉందో తెలియక తిరిగిన తిరుగుడంతా వృథా ఖర్చు. అదే పొదను ఒక్క పిట్ట తన అధీనంలో ఉంచుకుంటే, ఏ పువ్వు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలో దానికి తెలుస్తుంది. తరమడానికి అయ్యే ఖర్చు కంటే దాచుకున్న పూల వల్ల వచ్చే రాబడి ఎక్కువగా ఉన్నంతకాలం కాపలా కాయడం దానికి లాభమే. మీ ఫీడర్‌లోని పంచదార నీళ్లు తరగవని మీకు తెలుసు, దానికి తెలియదు. తరతరాలుగా పూల మధ్య అలవడిన పద్ధతినే అది ఫీడర్ దగ్గరా పాటిస్తోంది. అంచేత దాన్ని స్వార్థపు పిట్టగా తీసిపారేయడం న్యాయం కాదని మా అభిప్రాయం.

అది తక్కువ తాగుతోందన్న మీ అనుమానానికి కూడా చక్కటి కారణమే ఉంది. కాపలా కాసే మగపక్షి పగలంతా కావాలనే తేలికగా ఉంటుంది. ఒంటి బరువు పెరిగితే గాలిలో మలుపులు తిరగడం, తరమడం కష్టమవుతాయి, ఖర్చూ పెరుగుతుంది. అందుకే కొద్దికొద్దిగా తాగుతూ, పొద్దు వాలే వేళకు గబగబా తాగి రాత్రికి సరిపడా బరువు కూడగట్టుకుంటుంది. ఒకరోజు సాయంత్రం చీకటి పడే ముందు డెక్ మీద కదలకుండా కూర్చుని చూడండి. పగలంతా రెండు గుక్కలు తాగి కొమ్మ మీదికి వెళ్లిపోయిన పిట్టే అప్పుడు ఫీడర్‌ను వదలకుండా, గొంతు అదురుతుండగా, మళ్లీ మళ్లీ ముక్కు ముంచడం కనిపిస్తుంది.

తరిమేటప్పుడు అది చేసే చప్పుళ్లనూ గమనించండి. ముందు కిచకిచమని గట్టిగా హెచ్చరిస్తుంది. వచ్చిన పిట్ట వెళ్లకపోతే తోకను విసనకర్రలా విప్పి, గొంతు ముందుకు పెట్టి ఎదురుగా నిలుస్తుంది. అప్పటికీ కదలకపోతే వెంటపడుతుంది. చాలా తగాదాలు ఇక్కడే ముగుస్తాయి. ఒకదాన్నొకటి గాయపరచుకోవడం అరుదు. ఆడపక్షి ఎదురుగా మగది వెడల్పాటి అర్ధచంద్రాకారంలో ఇటూ అటూ ఊగుతూ ఎగురుతుంటే మాత్రం అది తగాదా కాదు, జోడు కోసం చేసే ప్రదర్శన.

మిగతావాటికి తిండి దొరకాలంటే పెద్ద ఫీడర్ కొనడం వల్ల ప్రయోజనం లేదు. ఎంత పెద్దదైనా ఒక్క కొమ్మ మీద నుంచి కనిపించేదాన్ని ఒక్క పిట్ట కాయగలదు. చిన్న ఫీడర్లు రెండు మూడు తీసుకుని, ఒకటి డెక్ మీద, ఒకటి ఇంటి మూల దాటాక పక్కవైపు, వీలుంటే ఇంకొకటి ముందువైపు కట్టండి. కాపలాదారు కూర్చునే కొమ్మ మీద నుంచి రెండోది కనిపించకూడదు, అంతే. జులై ఆఖరుకు ఆ ఏడాది పిల్లలు ఎగరడం నేర్చి ఫీడర్ల మీదికి వస్తాయి. అప్పుడు ఒక్కటి పదింటిని తరమలేక కాపలా దానంతటదే సడలిపోతుంది. పెద్ద మగపక్షులు కూడా ఆ రోజుల్లోనే ఒక్కొక్కటిగా దక్షిణానికి బయలుదేరతాయి.

ప్రశ్న: మేము టెక్సాస్‌లో డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాము. తెల్ల పంచదార మనకే మంచిది కానప్పుడు అంత చిన్న పిట్టకు ఎలా పోస్తారని మా అత్తయ్యగారు బాధపడుతున్నారు. బెల్లం నీళ్లో, తేనె కలిపిన నీళ్లో పోయమంటున్నారు. ఏది మంచిది? నీళ్లు రెండు రోజులకే మబ్బుగా మారుతున్నాయి, చీమలూ పడుతున్నాయి.

జవాబు: మీ అత్తయ్యగారి ఆదుర్దా మెచ్చుకోదగ్గది. అయితే ఈ పిట్ట విషయంలో మాత్రం తెల్ల పంచదారే సరైనది. హమ్మింగ్‌బర్డ్‌లు ఇష్టపడే పూల మకరందంలో ఎక్కువ భాగం సుక్రోజ్. మన వంటింటి పంచదార కూడా శుద్ధమైన సుక్రోజే. బెల్లంలోనూ, గోధుమరంగు పంచదారలోనూ, అక్కడి దుకాణాల్లో ముడి పంచదార పేరుతో దొరికేదానిలోనూ ఇనుము, ఇతర లవణాలు ఉంటాయి. మకరందంలో ఇనుము అతి స్వల్పం కాబట్టి ఈ పిట్టల ఒళ్లు దాన్ని బయటికి పంపేందుకు తగినట్టుగా ఏర్పడలేదు. తేనెను నీళ్లలో కలిపితే త్వరగా పులుస్తుంది, బూజు పడుతుంది. ఆ బూజు పిట్ట నాలుకకు చేటు చేస్తుంది. మధుమేహం ఉన్నవారు వాడే తీపి గుళికల్లో శక్తి ఉండదు. వాటిని తాగిన పిట్ట ఎగిరిన ఖర్చు కూడా రాబట్టుకోలేదు.

కొలత తేలిక. ఒక కప్పు పంచదారకు నాలుగు కప్పుల నీళ్లు. నీళ్లు కాస్త మరిగించి, పంచదార కరిగాక పూర్తిగా చల్లార్చి పోయాలి. మిగిలినది ఫ్రిజ్‌లో వారం రోజులు ఉంచుకోవచ్చు. ఇది పూల మకరందపు చిక్కదనానికి దగ్గరగా ఉంటుంది. ఎక్కువ పంచదార వేస్తే ఎక్కువ బలమన్న ఆలోచన సహజమే గానీ, పాకం చిక్కబడితే పిట్ట తాగే వేగం తగ్గుతుంది. దాని నాలుక చివర రెండుగా చీలి ఉంటుంది. ఒక్కొక్క పాయ అంచున సన్నని కుచ్చులాంటి పొరలుంటాయి. సన్నని గొట్టంలో నీరు దానంతటది పైకి పాకినట్టు మకరందం నాలుక మీదికి పాకుతుందని చాలాకాలం పుస్తకాల్లో రాశారు. కనెక్టికట్ విశ్వవిద్యాలయానికి చెందిన అలెహాండ్రో రికో-గెవారా, మార్గరెట్ రుబెగా 2011లో అతి వేగంగా తీసిన దృశ్యాలతో అసలు సంగతి చూపించారు. నాలుక మకరందంలో మునగగానే పాయలు విచ్చుకుని, బయటికి లాగేటప్పుడు ముడుచుకుని ద్రవాన్ని పట్టి తెస్తాయి. ఇది సెకనుకు పది పదిహేను సార్లు జరుగుతుంది.

తీపి సంగతి మరొకటుంది. పక్షుల పూర్వీకుల్లోనే తీపిని గుర్తించే జన్యువు ఒకటి పోయింది. కోళ్లకు తీపి రుచి తెలియదు. హమ్మింగ్‌బర్డ్‌లలో మాత్రం మాంసపు రుచిని గుర్తించే గ్రాహకమే కాలక్రమంలో మారి పంచదారను గుర్తించే పనికి వచ్చిందని మాడ్ బాల్డ్‌విన్, ఆమె సహచరులు 2014లో వెల్లడించారు. నీళ్లలో తీపి తగ్గితే ఒక్క గుక్కతోనే ముక్కు వెనక్కి తీసుకునే పిట్ట మీ పెరట్లోనే కనిపిస్తుంది.

ఎర్రరంగు కలపవద్దు. ఫీడర్ మూతో, రంధ్రాల చుట్టూ ఉన్న పువ్వు బొమ్మో ఎర్రగా ఉంటే చాలు. మీ ఊరి జులై ఎండల్లో, అంటే ఫారన్‌హీట్‌లో 90 డిగ్రీలు దాటిన రోజుల్లో, నీళ్లు రోజూ మార్చడమే మంచిది. చల్లటి రోజుల్లో మూడు నాలుగు రోజులకు ఒకసారి సరిపోతుంది. మబ్బుగా మారాక చూద్దాంలే అని ఒక్క రోజు కూడా ఆగకండి. ప్రతిసారీ వేడినీళ్లతో, సీసాలు కడిగే బ్రష్‌తో రంధ్రాల లోపలి దాకా తోమాలి. నల్ల బూజు పడితే వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెట్టి, బాగా కడిగి ఆరబెట్టాలి. ఫీడర్ నిండా పోయడం కంటే రెండు రోజులకు సరిపడా పోసి, మధ్యాహ్నపు నీడ ఉన్న చోట కట్టడం మేలు.

చీమలకు పైన కొక్కేనికీ ఫీడర్‌కూ మధ్య నీళ్లు నింపిన చిన్న గిన్నె తగిలిస్తే చాలు. అది అక్కడి దుకాణాల్లో దొరుకుతుంది. తీగకు నూనె, గ్రీజు పూయడం కొందరు చెప్పే చిట్కా. దయచేసి ఆ పని చేయవద్దు. అది ఈకలకు అంటితే పిట్ట శుభ్రం చేసుకోలేదు, ఎగరడానికీ ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికీ ఇబ్బంది పడుతుంది. కందిరీగల బెడద ఉంటే పసుపురంగు భాగాలు లేని ఫీడర్ ఎంచుకోండి.

ప్రశ్న: కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటాము. డిసెంబరులో కూడా మా ఫీడర్ దగ్గర హమ్మింగ్‌బర్డ్ ఉంది. చలికాలంలో ఇవి మెక్సికో వెళ్లిపోతాయని చదివాను. నేను తిండి పెట్టడం వల్ల అది ఆగిపోయిందా? మొన్న ఒక తెల్లవారుజామున అది కొమ్మ మీద కళ్లు మూసుకుని, ముక్కు పైకెత్తి, ఈకలు ఉబ్బించి కదలకుండా ఉంటే చనిపోయిందేమోనని భయపడ్డాను. గంట తరువాత చూస్తే మామూలుగా తిరుగుతోంది.

జవాబు: మీ పిట్టను మీరు ఆపలేదు. అది అన్నాస్ హమ్మింగ్‌బర్డ్, మీ ప్రాంతంలో ఏడాది పొడవునా ఉండే జాతి. 20వ శతాబ్దపు తొలి భాగంలో ఇది దక్షిణ కాలిఫోర్నియాలోనూ, దాని దిగువన ఉన్న మెక్సికో ప్రాంతంలోనూ మాత్రమే గూళ్లు పెట్టేది. తోటల్లో బయటిదేశాల పూల చెట్లు పెరగడం, ఇళ్ల దగ్గర ఫీడర్లు కట్టడం వల్ల క్రమంగా ఉత్తరానికి విస్తరించి, ఇప్పుడు సియాటిల్, వాంకూవర్ చలిలోనూ శీతకాలం గడుపుతోంది.

మీరు చూసింది టార్పర్ అనే స్థితి. చలి రాత్రి ఒంటి వేడిని నిలబెట్టుకోవడానికే నిల్వంతా ఖర్చయిపోయేటట్టుంటే, ఈ పిట్ట ఒంటి వేడిని చుట్టూ ఉన్న గాలి వేడికి దగ్గరగా దించేసి, గుండెవేగాన్ని నిమిషానికి 50 ప్రాంతానికి తగ్గించుకుంటుంది. అప్పుడు తాకినా వెంటనే కదలదు. కొన్నిసార్లు కొమ్మకు తలకిందులుగా వేలాడుతూ కూడా కనిపిస్తుంది. తెల్లవారాక కండరాలను వణికించుకుంటూ మెల్లగా వేడెక్కి, ఇరవై నిమిషాలకో కాస్త ఎక్కువకో లేస్తుంది. అలాంటి పిట్టను చేతిలోకి తీసుకోవద్దు, లోపలికి తేవద్దు. మీ పిల్లలకూ చెప్పండి. మీరు చేయగలిగిన మేలు ఒకటుంది. రాత్రి మంచు పడేంత చలి ఉంటే ఫీడర్‌ను లోపల పెట్టుకుని, వెలుగు రాకముందే బయట కట్టండి. నిద్ర లేచిన పిట్టకు మొదటి గుక్క ఎంత త్వరగా దొరికితే అంత మంచిది.

చలికాలంలో మీకు మరో దృశ్యం దొరుకుతుంది. అన్నాస్ మగపక్షి దాదాపు 30 మీటర్ల ఎత్తుకు ఎగసి, నిట్టనిలువుగా కిందికి దూకి, నేల దగ్గర మలుపు తిరిగేటప్పుడు టక్కుమని ఒక పదునైన శబ్దం చేస్తుంది. ఆ శబ్దం గొంతులోది కాదు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో క్రిస్టఫర్ క్లార్క్, టెరెసా ఫియో 2008లో తోక చివరి ఈకలు తీసిన పక్షులు దూకినా ఆ శబ్దం రాలేదని చూపి, అది గాలికి అదిరే ఆ ఈకల నుంచే పుడుతోందని తేల్చారు. ఆ దూకుడులో పిట్ట సెకనుకు తన ఒంటి పొడవుకు 385 రెట్ల దూరం పోగలదని క్లార్క్ ఆ మరుసటి ఏడాది కొలిచారు. ఈ జాతి డిసెంబరులోనే గూడు కట్టడం మొదలుపెడుతుంది కాబట్టి, శీతకాలంలో చెట్లు కత్తిరించే ముందు కొమ్మలను ఒక్కసారి పరిశీలించాలి.

తూర్పు రాష్ట్రాల పాఠకులకూ ఇక్కడే ఒక మాట. రూబీ త్రోటెడ్ వలస పక్షే. అయితే దాన్ని కదిలించేది ఫీడర్ కాదు, కుంచించుకుపోతున్న పగటి వెలుగు. బయలుదేరే ముందు అది విపరీతంగా తిని ఒంటి బరువును దాదాపు రెట్టింపు చేసుకుంటుంది. చాలా పక్షులు ఆ కొవ్వు బలంతోనే మెక్సికో సింధుశాఖ మీదుగా ఎక్కడా ఆగకుండా 800 కిలోమీటర్లు దాటుతాయి. సెప్టెంబరు రాగానే ఫీడర్ తీసేస్తే మంచిదన్న నమ్మకం చాలా ఇళ్లలో ఉంది. అది పూర్తిగా తలకిందుల సలహా. ఉత్తరం నుంచి దిగివచ్చే పక్షులకు ఆ రోజుల్లోనే ఫీడర్ అవసరం ఎక్కువ. చివరి పిట్ట కనిపించాక కూడా రెండు వారాలు ఉంచండి.

ప్రశ్న: నార్త్ కరోలినాలోని రాలీ దగ్గర మా పెరట్లో మల్లె, ముద్దమందారం, గులాబీ వేశాను. హమ్మింగ్‌బర్డ్‌లు వీటి దగ్గర ఆగకుండా వెళ్లిపోతున్నాయి. ఫీడర్ లేకుండా పూలతోనే వాటిని రప్పించాలని నా కోరిక. ఏ మొక్కలు వేయాలి? అవి ఎరుపునే ఎందుకు వెతుకుతాయి?

జవాబు: ఈ విడత వచ్చిన ఉత్తరాలన్నింటిలో మాకు ఎంతో నచ్చిన కోరిక ఇది. ఫీడర్ ఇచ్చేది పంచదార మాత్రమే. పూలతోట మకరందాన్నీ, పురుగులనూ, గూటి సామగ్రినీ, కూర్చునే కొమ్మనూ కూడా ఇస్తుంది.

మీ మల్లె రాత్రి సువాసనతో పురుగులను పిలిచే తెల్లపువ్వు; హమ్మింగ్‌బర్డ్ మకరందాన్ని ప్రధానంగా కంటితో వెతుక్కుంటుంది. ముద్దమందారంలో రేకుల గుత్తి మకరందానికి అడ్డుపడుతుంది, ఒంటిరేకు మందారం వేస్తే వస్తాయి. గులాబీలో వాటికి తాగడానికి దాదాపు ఏమీ ఉండదు. గొట్టంలా పొడవుగా, పక్కకో కిందికో వంగి, గాలిలో నిలబడి ముక్కు పెట్టేందుకు ఎదురుగా ఖాళీ ఉండే పూలు కావాలి. మీ ప్రాంతపు స్వదేశీ మొక్కల్లో అలాంటివి ఎన్నో ఉన్నాయి. ఏప్రిల్‌లో పిట్టలు వచ్చే వేళకు ఎర్ర కొలంబైన్ పూస్తుంది. ట్రంపెట్ హనీసకుల్ తీగ వసంతం నుంచి చాలాకాలం పూస్తూనే ఉంటుంది. కొనేటప్పుడు పేరు చూసుకోండి, జపనీస్ హనీసకుల్ అడవులను కమ్మేసే తీగ. నడివేసవికి బీ బామ్, ఆ తరువాత తడినేలలో కార్డినల్ ఫ్లవర్, ఆగస్టు, సెప్టెంబరులలో జ్యువెల్‌వీడ్ అందుకుంటాయి. ఎర్ర సాల్వియాలు కుండీల్లో కూడా బాగా పూస్తాయి. మన ఊళ్లలో దడికి పాకించే కాశీరత్నం తీగ పుట్టిల్లు ఉష్ణమండల అమెరికాయే. దాని ఎర్రటి సన్నని గొట్టాల కోసం ఈ పిట్టలు ప్రాణం పెడతాయి. అయితే విత్తనాలు రాలి విపరీతంగా మొలుస్తుంది కాబట్టి కుండీలోనే ఉంచండి. రకానికి ఒక్క మొక్క చొప్పున కాకుండా ఒకే రకాన్ని గుంపుగా వేస్తే, పిట్టకు ఒక్క రాకలోనే గిట్టుబాటు అవుతుంది.

ఎరుపు మీద వాటికి పుట్టుకతో మోజేమీ లేదు. తేనెటీగలకు ఎరుపు సరిగ్గా కనిపించదు కాబట్టి ఎర్రపూలలో మకరందం ఈ పిట్టలకే మిగిలి ఉండే అవకాశం ఎక్కువ. అది అనుభవంతో నేర్చుకుంటాయి. నీలిరంగు సాల్వియాలో మకరందం బాగుంటే దాని దగ్గరికీ అంతే ఆత్రంగా వస్తాయి. మనకు కనిపించని అతినీలలోహిత కాంతి కూడా వాటికి కనిపిస్తుంది. కొలరాడో పర్వతాల్లో బ్రాడ్ టెయిల్డ్ హమ్మింగ్‌బర్డ్‌ల మీద జరిపి 2020లో ప్రచురించిన ప్రయోగాల్లో, మన కంటికి ఒకేలా కనిపించిన రెండు దీపాల్లో అతినీలలోహితం కలిసినదాన్ని అవి వేరుచేసి గుర్తించాయి.

వాటి జ్ఞాపకశక్తి మమ్మల్ని అన్నింటికంటే ఆశ్చర్యపరుస్తుంది. కెనడాలోని అల్బర్టాలో రూఫస్ హమ్మింగ్‌బర్డ్ మగపక్షుల ముందు శాస్త్రవేత్తలు ఎనిమిది కృత్రిమ పూలు పెట్టి, కొన్నింటిని పది నిమిషాలకు, మిగతావాటిని ఇరవై నిమిషాలకు ఒకసారి నింపారు. పిట్టలు ఏ పువ్వు ఎప్పుడు నిండుతుందో నేర్చుకుని, దాదాపు ఆ సమయానికే దాని దగ్గరికి తిరిగి వచ్చాయి. వసంతంలో ఫీడర్ ఇంకా కట్టకముందే, నిరుడు అది వేలాడిన ఖాళీ కొక్కెం ముందు ఒక పిట్ట గాలిలో నిలబడి చూడటం మీ ఇరుగుపొరుగు ఇళ్లవాళ్లు చూసే ఉంటారు.

మరి పురుగుల సంగతి. ఈ పక్షి మకరందంతోనే బతుకుతుందనుకోవడం చాలామందికి ఉన్న పొరపాటు. మాంసకృత్తుల కోసం అది చిన్న దోమలు, ఈగలు, సాలెపురుగులు తింటుంది. గూట్లో పిల్లలను తల్లి ప్రధానంగా పురుగులతోనే పెంచుతుంది. ఆడపక్షి ఒంటరిగా గూడు కట్టి, రెండు చిన్న తెల్లటి గుడ్లు పెట్టి, రెండు వారాలు పొదిగి, మరో మూడు వారాలు పిల్లలను మేపుతుంది. మగది ఏ సాయమూ చేయదు. మొక్కల నూగును సాలెపట్టుతో కలిపి అల్లి, పైన చెట్ల బెరడు మీద నాచులా పెరిగే లైకెన్ ముక్కలు అతికిస్తుంది. పిల్లలు ఎదిగేకొద్దీ సాలెపట్టు సాగి గూడు వెడల్పవుతుంది. అందుచేత కిటికీ మూలల సాలెగూళ్లను కొన్నింటిని వేసవిలో వదిలేయండి. పురుగుమందు చల్లవద్దు. నర్సరీలో కొనేటప్పుడు మొక్కకు నియోనికోటినాయిడ్ అనే రకం పురుగుమందు వాడారేమో అడగండి, అది మొక్క రసంలో కలిసి మకరందంలోకి కూడా చేరుతుంది.

ప్రశ్న: కడియం దగ్గర మాకు చిన్న తోట ఉంది. నూరువరహాల పూల మీద వేలెడంత పిట్ట వాలి తేనె తాగుతుంది. అమెరికాలో ఉన్న మా అన్నయ్య అది హమ్మింగ్‌బర్డేనని, ఫీడర్ పంపిస్తానని అంటున్నాడు. నిజమేనా?

జవాబు: కాదు. అది తేనెపిట్ట. హమ్మింగ్‌బర్డ్‌లు అలాస్కా నుంచి దక్షిణ అమెరికా కొస దాకా అమెరికా ఖండాల్లోనే ఉన్నాయి. జర్మనీలో దొరికి 2004లో వెల్లడైన సుమారు మూడు కోట్ల ఏళ్లనాటి శిలాజాలను బట్టి వాటి బంధువులు ఒకప్పుడు ఐరోపాలో ఉండేవని తెలిసింది గానీ, ఇప్పుడు మన వైపు ఒక్కటీ లేదు. తేనెపిట్టలు వేరే కుటుంబం. ఒకే తిండి కోసం విడివిడిగా ఒకే తీరుకు వచ్చాయి. తేడా చూడటం తేలిక. తేనెపిట్ట కొమ్మనో పూగుత్తినో పట్టుకుని తాగుతుంది. గాలిలో నిలబడినా క్షణకాలమే. మీ తోటలో సాయంత్రం పూట పువ్వు ముందు రెక్కలు కనిపించనంత వేగంగా నిలబడి తాగేది కనిపిస్తే, తల మీద మీసాలున్నాయేమో చూడండి. అది హాక్‌మాత్ అనే పురుగు అయి ఉంటుంది.

ఫీడర్ అవసరం లేదు. గోదావరి జిల్లాల వేడికి పంచదార నీళ్లు పూట గడవకముందే పులుస్తాయి. మందారం, నూరువరహాలు, అరటి పూలు ఉన్న తోటలో తేనెపిట్టకు లోటేమీ ఉండదు.

ప్రశ్న: వర్జీనియాలో మా ఫీడర్ మీద ప్రేయింగ్ మాంటిస్ అనే పెద్ద కీటకం ఒకటి రెండు రోజులుగా కూర్చుని ఉంది. దాని వల్ల ప్రమాదమా?

జవాబు: ప్రమాదమే. పెద్ద మాంటిస్‌లు ఫీడర్ దగ్గర హమ్మింగ్‌బర్డ్‌ను పట్టి తినడం పలుచోట్ల నమోదైంది. చంపనక్కరలేదు, ఒక పుల్ల మీదికి ఎక్కించి దూరంగా పొదలో వదలండి. ఫీడర్‌ను మరో చోటికి మార్చండి. దాని కింద పొదలుంటే పిల్లి పొంచడానికి కూడా అనువుగా ఉంటుంది, అదీ చూసుకోండి.

ప్రశ్న: జార్జియాలోని ఆల్ఫరెట్టాలో మా గరాజ్‌లోకి ఒక హమ్మింగ్‌బర్డ్ దూరి, తలుపు బార్లా తెరిచి ఉన్నా బయటికి వెళ్లలేక పైకప్పు దగ్గరే తిరుగుతూ అలసిపోయింది. అలాంటప్పుడు ఏం చేయాలి?

జవాబు: ఈ పక్షికి ఆపద వస్తే పైకి ఎగరడమే తెలుసు, తలుపు కిందివైపు తెరిచి ఉందని పైకప్పు దగ్గరి నుంచి గుర్తించలేదు. లోపలి దీపాలన్నీ ఆర్పేయండి, తలుపు పూర్తిగా ఎత్తండి, ఫీడర్‌నో ఎర్రపూల కుండీనో వెలుతురు పడే గుమ్మంలో పెట్టి మీరు పక్కకు తప్పుకోండి. చాలావరకు అదే బయటికి వస్తుంది. చీపురుతో తరమవద్దు. నేల మీద పడిపోతే రెండు చేతులతో మెల్లగా తీసి, పంచదార నీళ్ల రంధ్రానికి ముక్కు కొన తగిలించి పట్టుకోండి. కొన్ని గుక్కలు తాగాక అరచేయి తెరిస్తే ఎగిరిపోతుంది. గంట గడిచినా ఎగరకపోతే మీ దగ్గరలో అనుమతి ఉన్న వన్యప్రాణి సంరక్షకులకు ఫోన్ చేయండి. వలస పక్షుల రక్షణకు 1918లో చేసిన చట్టం ప్రకారం దాన్ని ఇంట్లో ఉంచి పెంచడం నేరం.

అది లోపలికి ఎందుకు వచ్చిందో కూడా చూడండి. గరాజ్ తలుపు మోటారుకు వేలాడే అత్యవసర పిడి చాలా ఇళ్లలో ఎర్రగా ఉంటుంది. తలుపు తెరిచి ఉన్నప్పుడు దాన్ని పువ్వనుకుని వచ్చే పిట్టలు ఎన్నో. ఆ పిడికి నల్ల టేపు చుట్టేయండి.